కారు యాక్సిల్ సీలు ఇంట్లోనే మార్చుకోవచ్చా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

యాక్సిల్ సీలు అంటే ఏది? కారులో ఎక్కడుంటుంది?

ముందు చక్రాలు లాగే కార్లలో (ఆల్టో, వేగనార్, స్విఫ్ట్, ఐ10 వంటివి) గేర్‌బాక్సు రెండు పక్కల నుంచీ చక్రాలకు ఒక్కో డ్రైవ్ షాఫ్టు వెళ్తుంది. షాఫ్టు గేర్‌బాక్సులోకి దూరే కంత దగ్గర, లోపలి గేర్ ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీలు ఉంటుంది. ఓమ్నీ, ఈకో, బొలేరో వంటి వెనక చక్రాల బళ్లలో సీలు వెనక యాక్సిల్ గొట్టం చివర, బ్రేకు డ్రమ్ము వెనకాల దాగి ఉంటుంది. రెండింటినీ యాక్సిల్ సీలు అనే పిలుస్తారు కానీ పనిలో రెండూ చాలా వేరు.

సీలు చూడ్డానికి చిన్న రింగే. బయట ఇనుప చట్రం, లోపల రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకు అదిమి పట్టే సన్నటి చుట్ట స్ప్రింగు. చాలావాటికి దుమ్మును ఆపడానికి బయటివైపు ఇంకో పెదవి కూడా ఉంటుంది.

సూటిగా చెప్పండి, ఇంట్లో చేసుకోవచ్చా, కూడదా?

ముందు చక్రాల కారు, గట్టి గచ్చు నేల, రెండు జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), ఇదివరకు బ్రేకు ప్యాడ్లు మార్చిన చెయ్యి, ఈ ఐదూ ఉంటే చేసుకోవచ్చు. మొదటిసారి ఒక పక్కకే సగం రోజు పడుతుంది. వీటిలో ఏది లేకపోయినా మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లడమే నయం. వెనక యాక్సిల్ సంగతి వేరు, దాని గురించి కింద విడిగా చెప్పాం.

అసలు చూడాల్సింది మీరు చేయగలరా లేదా అన్నది ఒక్కటే కాదు. సీలు ఎందుకు పోయిందో తేలిందా అన్నది ముందు చూడాలి. కారణం తేలకుండా వేసిన కొత్త సీలు, ఇంట్లో వేసినా షెడ్డులో వేసినా, కొన్ని నెలల్లో మళ్లీ కారుతుంది.

మా కారు కింద చుక్కలు పడుతున్నాయండీ. అది సీలేనని ఎలా తెలుస్తుంది?

ముందు ఆ చుక్క ఏమిటో తేల్చండి. తెల్ల కాగితమో పాత అట్టముక్కో రాత్రి కింద పరిచి పొద్దున్నే చూడండి. ఉత్త నీళ్లయితే ఏసీవి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం కలిసిన ఘాటు వాసన వేస్తుంది, ఒకసారి పీల్చితే మళ్లీ మర్చిపోరు. ఇంజన్ ఆయిల్‌కి ఆ వాసన ఉండదు, పాతబడితే నల్లగా ఉంటుంది. కూలెంటుకు రంగు, కాస్త తియ్యటి వాసన ఉంటాయి. బ్రేకు ఆయిల్ పల్చగా ఉంటుంది, నీళ్లతో కడిగితే కలిసిపోతుంది. గేర్ ఆయిల్ నీళ్లకు లొంగదు. వెనక డ్రమ్ము లోపల తడి కనిపించినప్పుడు వీల్ సిలిండరు (బ్రేకు షూలను తోసేది) కారుతోందా, యాక్సిల్ సీలు కారుతోందా అని తేల్చడానికి ఈ తేడా బాగా పనికొస్తుంది.

ఎక్కువమంది పొరబడేది సీవీ జాయింటు బూటు దగ్గర, అంటే డ్రైవ్ షాఫ్టు చివర మడిచే కీలు మీది రబ్బరు తొడుగు దగ్గర. బూటు చిరిగితే చక్రం లోపలి అంచు మీద, సస్పెన్షన్ మీద నల్లటి గ్రీజు చిమ్మినట్టు పడుతుంది. అది సీలు లీకు కాదు, దానికి సీలు మారిస్తే డబ్బు దండగ. సీలు పోతే తడి గేర్‌బాక్సు పక్కన, షాఫ్టు దూరే చోట మొదలై కిందికి జారుతుంది.

అనుమానం తీరకపోతే ఆ చోటంతా డీజిలుతోనో డీగ్రీజరుతోనో శుభ్రంగా కడిగి, ఆరాక టాల్కం పౌడరు చల్లి, 20 నుంచి 30 కిలోమీటర్లు తిప్పి చూడండి. పొడి మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. పైన గేరు సెలెక్టర్ సీలు (గేర్లు మార్చే రాడ్డు దూరే చోటి సీలు) కారి, ఆ ఆయిల్ కిందికి జారి యాక్సిల్ సీలు కారుతున్నట్టు భ్రమ కలిగించడం మామూలే.

మా వైపు బళ్లకి ఈ సీళ్లు ఎక్కువ పోతున్నాయి. కారణం ఏమిటి?

డెల్టాలో సీలుకు శత్రువులు నాలుగైదు.

మొదటిది బ్రీదర్. గేర్‌బాక్సు పైనా, వెనక యాక్సిల్ గొట్టం పైనా లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న టోపీ లాంటిది ఉంటుంది, కొన్నిటికి రబ్బరు గొట్టం ఉంటుంది. చెరువు గట్ల మీదా పుంత దారుల్లోనూ తిరిగే బళ్లకు అది బురదతో బిగుసుకుపోతుంది. బండి నడిచి ఆయిల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బయటికి దారి లేక సీలు పెదవి మీదుగా ఆయిల్‌ను తోస్తుంది. సీలు నిక్షేపంగా ఉన్నా కారుతుంది. అందుకని సీలు కొనకముందే బ్రీదర్ తీసి, కడిగి, నోటితో ఊది చూడండి. కొన్ని లీకులు అక్కడితోనే ఆగిపోతాయి, ఖర్చు సున్నా.

రెండోది దారం, గడ్డి. మాసూళ్ల కాలంలో, సార్వాకీ దాళ్వాకీ కూడా, రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వరిగడ్డి పరుచుకుని ఉంటుంది. దాని మీదుగా నడిపితే గడ్డి డ్రైవ్ షాఫ్టుకు చుట్టుకుని, తిరిగి తిరిగి సీలు దాకా వెళ్లి పెదవిని అరగదీస్తుంది. అంతకంటే చెడ్డది రొయ్యల చెరువుల దగ్గర పడి ఉండే నైలాను వల దారం. అది సీలు కిందికి దూరితే పెదవిని కోసేస్తుంది. సీలు తీసేటప్పుడు వెనక దారం ముక్క దొరికిందంటే కారణం తేలిపోయినట్టే.

మూడోది ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపూ, నరసాపురం-సఖినేటిపల్లి పంటు దాటే బళ్లకూ ఉప్పునీటి తుంపర తగులుతుంది. షాఫ్టు మీద సీలు ఆనే చోట తుప్పు గుంటలు పడితే రబ్బరు త్వరగా కొట్టుకుపోతుంది.

నాలుగోది బేరింగు ఆట. లోపలి బేరింగు అరిగి షాఫ్టు ఊగుతుంటే ఏ సీలూ నిలవదు. చక్రం పైకెత్తి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో షాఫ్టును గేర్‌బాక్సు దగ్గర పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. లోపలి జాయింటుకు కొద్దిపాటి కదలిక సహజమే. టకటకమని చప్పుడుతో ఊగితే మాత్రం ఇంటి పని కాదు.

వీటన్నిటి తర్వాత వచ్చేది వయసు. రబ్బరు గట్టిపడి, పగిలి, పట్టు వదిలేస్తుంది.

వరద నీళ్లలో దిగింది. సీలు బాగానే ఉంది, కారడం లేదు. వదిలేయొచ్చా?

వద్దు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరికలు ఎగరేసే రోజుల్లో లంక కాజ్‌వేలు దాటిన బళ్లు, 2022 జులై వరదలో ఇంటి ముందే మునిగిన బళ్లు, వీటి గేర్‌బాక్సుల్లోకి నీరు చేరి ఉండొచ్చు. ముఖ్యంగా నడిచి వేడెక్కిన గేర్‌బాక్సు చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ నుంచో సీలు పక్కనుంచో నీటిని లోపలికి పీలుస్తుంది. బయటికి ఏమీ కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గేర్ ఆయిల్ లెవల్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. వెంటనే దించేసి కొత్త ఆయిల్ పోసి, 50 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ దించి ఇంకోసారి పోయాలి. ఒక్కసారి మార్పుతో మూలల్లో చిక్కిన నీరు పోదు. ఆలస్యమైతే బేరింగులకు తుప్పు పడుతుంది. ఆ బాగుచేతతో పోల్చితే సీలు ఖర్చు లెక్కలోకే రాదు.

కారుతున్నా ఎన్నాళ్లు తిరగొచ్చు?

ముందు చక్రాల కారులో సీలు చుట్టూ తడిగా ఉండి చుక్క పడకపోతే కంగారు లేదు, వారానికోసారి లెవల్ చూసుకుంటూ ఉండండి. రాత్రికి అట్ట మీద నాలుగైదు చుక్కలు పడుతుంటే ఆ నెలలోనే చేయించండి, ఈలోగా హైదరాబాదు లాంటి దూర ప్రయాణం పెట్టుకోవద్దు. వెనక యాక్సిల్ సీలు కారి డ్రమ్ములోకి ఆయిల్ చేరితే మాత్రం బండి తీయకండి. ఆ చక్రానికి బ్రేకు పట్టదు, రెండో చక్రానికే పడుతుంది, తడి రోడ్డు మీద బండి ఒక పక్కకి లాగేస్తుంది.

ఇంట్లో చేయడానికి ఏమేం కావాలి?

జాకీ, కనీసం రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మలు. సాకెట్లు తిప్పే అర అంగుళం రాడ్డు, దానికి తొడిగే రెండు మూడు అడుగుల గొట్టం. హబ్ నట్టుకు, అంటే చక్రం మధ్యలో షాఫ్టు చివర బిగించే పెద్ద నట్టుకు, సరిపడే సాకెట్టు (చిన్న కార్లలో 27 నుంచి 32 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండికి ముందే కొలిచి తెచ్చుకోండి). టార్క్ రెంచి. టైరు లివరు లాంటి బలమైన పట్టీ. ప్లాస్టిక్ లేదా ఇత్తడి తలకాయ ఉన్న సుత్తి. ఆయిల్ పట్టే బేసిను, గరాటు, పొడవాటి ప్లాస్టిక్ గొట్టం.

సామాన్లలో కొత్త సీలు, కొత్త హబ్ నట్టు లేదా కాటర్ పిన్ను, షాఫ్టు చివరి సర్‌క్లిప్పు (షాఫ్టును గేర్‌బాక్సులో పట్టి ఉంచే చిన్న తీగ రింగు), డ్రైను ప్లగ్గు వాషరు, గేర్ ఆయిల్. అంచును షాఫ్టు గాడిలోకి కొట్టి బిగించే రకం నట్టును రెండోసారి వాడకండి.

సీలు కొనేటప్పుడు కారు పేరు చెప్పి ఊరుకోవద్దు. ఛాసిస్ నంబరు చూపించండి, లేదా పాత సీలు మీది మూడు అంకెలు చెప్పండి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మి.మీ.లలో. చాలా కార్లకు ఎడమ సీలు వేరు, కుడి సీలు వేరు. పెదవి మీద ఏటవాలు గీతలు, తిరిగే దిశ చూపే బాణం ఉంటాయి. తారుమారు చేసి వేస్తే ఆ గీతలు ఆయిల్‌ను లోపలికి తోయడానికి బదులు బయటికి తోస్తాయి.

మా ఇంటి ముందు నేల మెత్తన. జాకీ నిలబడుతుందా?

ఒండ్రు నేల మీద, అందులోనూ వానల తర్వాత, నిలబడదు. జాకీ పైకి లేస్తున్నట్టే ఉండి ఒక పక్కకి కుంగిపోతుంది. రెండు అంగుళాల మందం, రెండు అడుగుల చదరం ఉన్న పలక కింద వేసినా అది టైరు మార్చేంతసేపు ఆగడానికే. షాఫ్టు లాగే పనికి మీరు బండిని బలంగా కుదుపుతారు, కాబట్టి గచ్చు అరుగో, సిమెంటు రోడ్డో, ధాన్యం కళ్లం గచ్చో చూసుకోండి. కొబ్బరి దుంగలు, ఇటుకలు స్టాండ్లకు బదులు ఎన్నడూ పెట్టకండి. ఇటుక ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతుంది.

ముందు చక్రాల కారులో పని వరుస ఏమిటి?

అన్నిటికంటే ముందు గేర్ ఆయిల్ పోసే ప్లగ్గు విప్పి చూడండి. డ్రైను విప్పేశాక పోసే ప్లగ్గు రాలేదంటే బండి అక్కడే ఉండిపోతుంది. అది వచ్చాకే మిగతా పని.

చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా, హబ్ నట్టు వదులు చేయండి. చక్రం లేపాక అది రాదు. తుప్పు పట్టినదైతే ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. తర్వాత బండి లేపి, స్టాండ్ల మీద దించి, చక్రం తీసి, గేర్ ఆయిల్ దించేయండి.

కింది ఆర్ము బాల్ జాయింటు బోల్టు తీసి, ఆర్మును లివరుతో కిందికి నొక్కి జాయింటు విడదీయండి. నకుల్ (హబ్బును పట్టి ఉండే ఇనుప ముక్క) బయటికి తిప్పుతూ షాఫ్టు బయటి చివరను హబ్బు నుంచి తోయాలి. రాకపోతే నట్టును మర చివరకు సమంగా బిగించి, దాని మీద ఇత్తడి సుత్తితో కొట్టండి. నేరుగా షాఫ్టు తల మీద ఇనుప సుత్తితో కొడితే మర నలిగి నట్టు మళ్లీ ఎక్కదు. ఈ మధ్యలో బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు లాగబడకుండా చూసుకోండి. కాలిపర్ విప్పాల్సి వస్తే తీగతో స్ప్రింగుకు వేలాడదీయాలి, గొట్టానికి వేలాడనివ్వకూడదు.

లోపలి చివర తీయడంలోనే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. షాఫ్టును పట్టుకుని లాగితే లోపలి జాయింటు విడిపోయి బూటులోనే ఊడుతుంది, ఒక పనికి రెండు పనులవుతాయి. లివరును గేర్‌బాక్సు గోడకీ జాయింటు కప్పుకీ మధ్య పెట్టి, ఒక్క విసురుతో కుదపండి. సర్‌క్లిప్పు టక్కున వదులుతుంది. తర్వాత రెండు చేతులతో పట్టి నిటారుగా బయటికి తీయాలి. కొన్ని కార్లలో కుడి షాఫ్టుకు మధ్యలో బ్రాకెట్ బేరింగు ఉంటుంది, ముందు దాని బోల్టులు విప్పాలి.

ఒకేసారి రెండు పక్కల షాఫ్టులూ తీయకండి. కొన్ని గేర్‌బాక్సుల్లో రెండూ వచ్చేస్తే లోపలి డిఫరెన్షియల్ పళ్లచక్రాలు జరిగిపోతాయి, మళ్లీ వరసకు తేవడానికి గేర్‌బాక్సు దించాల్సి రావచ్చు. ఒక పక్క పూర్తిచేసి, షాఫ్టు ఎక్కించాకే రెండో పక్క.

కొత్త సీలు కూర్చోబెట్టడంలో జాగ్రత్తలు?

పాతది తీయకముందే అది ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకోండి. స్క్రూడ్రైవరుతో లేపేటప్పుడు మొన సీలు చట్రానికే ఆనాలి, గేర్‌బాక్సు అల్యూమినియం గోడకు కాదు. అక్కడ గీత పడితే కొత్త సీలు బయటి అంచు పక్కనుంచి కారుతుంది. గాడిని గుడ్డతో తుడిచి, బయటి అంచుకు ఆయిల్ పలుచగా రాయండి. రెండు పెదవుల మధ్య కాస్త గ్రీజు పెట్టండి, పొడి రబ్బరు మొదటి కిలోమీటరులోనే కాలుతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపు, అంటే లోపలికి.

సీలు బయటి వ్యాసానికి సరిపడే సాకెట్టో, సమంగా కోసిన పీవీసీ గొట్టం ముక్కో పెట్టి చుట్టూ సమంగా తట్టుతూ దించండి. ఒక పక్క ముందు దిగితే ఆపి సరిచేయండి, వంకరగా కొట్టిన సీలు ఎంత మంచిదైనా కారుతుంది. షాఫ్టు ఎక్కించేటప్పుడు దాని పళ్లు పెదవిని చీల్చకుండా కింద చేయి ఆనించి మధ్యగా పంపాలి. ఆఖర్న సర్‌క్లిప్పు కూర్చున్న టక్కు వినిపించాలి. కప్పును వేళ్లతో మెల్లగా లాగి చూస్తే రాకూడదు.

హబ్ నట్టు బిగింపు చిన్న కార్లలో తరచుగా 170 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకె చూసి, చక్రం నేల మీద పెట్టాకే టార్క్ రెంచితో బిగించండి. గొట్టం తొడిగి అంచనాగా బిగిస్తే వీల్ బేరింగు పాడవుతుంది.

షాఫ్టు మీద గాడి పడింది. కొత్త సీలు వేస్తే ఆగుతుందా?

గోరుతో గీసినప్పుడు గోరు గాడిలో తగులుకుంటే ఆగదు. గాడి పలుచగా ఉంటే సీలును పాత లోతుకంటే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కూర్చోబెట్టి, పెదవి కొత్త చోట ఆనేలా చేయొచ్చు, లోపల ఆయిల్ కంతలకు అడ్డం రానంతవరకే. లోతుగా ఉంటే లోపలి జాయింటు కప్పు మార్చడమే దారి. తుప్పు గుంటలను ఎమెరీ కాగితంతో రుద్దితే పని జరుగుతుందనుకోవద్దు, గుంట అలాగే ఉండి మిగతా నున్నదనం పోతుంది.

ఏ ఆయిల్ పోయాలి, ఎంత?

చిన్న కార్ల మాన్యువల్ గేర్‌బాక్సులో సాధారణంగా రెండు నుంచి రెండున్నర లీటర్లు పడుతుంది. చాలావాటికి జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-80 లేదా 75డబ్ల్యూ-90. దుకాణంలో జీఎల్-5 ఇంకా గొప్పదని అంటగడతారు. జీఎల్-5 వెనక యాక్సిల్ క్రౌనుకు మంచిదే. కానీ అందులో ఉండే గంధకపు కలుపు గేర్‌బాక్సులోని ఇత్తడి సింక్రనైజర్ రింగులకు పడకపోవచ్చు. మాన్యువల్లో రాసిందే పోయండి. బండి సమంగా నిలబెట్టి, పోసే కంత అంచు నుంచి ఆయిల్ పొర్లేదాకా పోస్తే లెవల్ సరిపోయినట్టు. సీవీటీ, ఇతర ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు ఆయిల్ వేరు, లెవల్ చూసే పద్ధతి వేరు, వాటి జోలికి ఇంట్లో వెళ్లవద్దు.

ఓమ్నీ, ఈకో లాంటి వెనక యాక్సిల్ బళ్ల సంగతేమిటి?

డ్రమ్ము తీసి, వెనక ప్లేటు పట్టే నట్లు విప్పి, యాక్సిల్ షాఫ్టును బేరింగుతో సహా బయటికి లాగాలి. చేత్తో రాదు, జారుడు సుత్తి కావాలి. కొన్నిటికి సీలు గొట్టం లోపలే ఉంటుంది, షాఫ్టు వచ్చేస్తే మార్చేయొచ్చు. మరికొన్నిటికి సీలు బేరింగు వెనక, షాఫ్టు మీదే చిక్కుకుని ఉంటుంది. బేరింగునూ దాని కాలరునూ తీస్తేగాని రాదు, దానికి టన్నుల బలం ఉన్న ప్రెస్సు కావాలి. లేత్ షాపులో ఉంటుంది. బేరింగు గరగరమంటుంటే అదీ మార్చాల్సిందే కాబట్టి ఎలాగూ ప్రెస్సు దగ్గరికే వెళ్లాలి. మధ్యేమార్గం ఒకటుంది: షాఫ్టు ఇంట్లో తీసి లేత్ షాపుకు పట్టుకెళ్లి, కాలరు ఎక్కించి తెచ్చుకోవడం. కాలరును ఉలితో కొట్టి వదిలించే పద్ధతిలో షాఫ్టు మీద గంటు పడే ప్రమాదం ఉంది, దగ్గరుండి చూసుకోండి.

ఆయిల్ తాగిన బ్రేకు షూలు కాల్చినా, పెట్రోలుతో కడిగినా బాగుపడవు. రెండు పక్కల షూలూ జతగా మార్చాలి. డ్రమ్మును మాత్రం బ్రేకు క్లీనరుతో కడిగి వాడుకోవచ్చు. ప్లేటుతో పాటు బ్రేకు పైపు విప్పాల్సి వస్తే బ్రేకుల్లో గాలి తీయాల్సి ఉంటుంది, అది రాకపోతే ఆ పని మొదలుపెట్టకండి.

రెండు పక్కలా మార్చాలా?

రెండోది పొడిగా ఉంటే అక్కర్లేదు. వరద నీరు లోపలికి చేరిన బండికి, దారం చుట్టుకున్న బండికి మాత్రం రెండూ చూడాలి.

ఇంట్లో చేస్తే నిజంగా మిగులుతుందా?

సీలు ఖరీదు చాలా కార్లకు గేర్ ఆయిల్ ఖరీదు కంటే తక్కువ. మిగిలేది కూలి ఒక్కటే. దానికోసం టార్క్ రెంచి, పెద్ద సాకెట్టు, స్టాండ్లు కొత్తగా కొనాల్సి వస్తే మొదటిసారి ఏమీ మిగలదు. తర్వాత క్లచ్చో, బూటో, బాల్ జాయింటో చేసుకునే ఆలోచన ఉంటేనే ఆ సామాన్లు గిట్టుబాటు. పల్లెల్లో మెకానిక్‌ను ఇంటికి పిలిచి, సీలూ ఆయిలూ మీరే కొనిచ్చి చేయించుకోవడం మా లెక్కలో అన్నిటికంటే తెలివైన పద్ధతి: సరుకు అసలుదని మీకు తెలుస్తుంది, బ్రీదర్ కడిగారో లేదో కళ్లారా చూస్తారు. క్లచ్చు కూడా చివరికొచ్చి ఉంటే ఆగండి. దానికి షాఫ్టులు ఎలాగూ తీస్తారు, సీళ్లు అప్పుడే మార్పించుకుంటే కూలి ఒకటే. వారంటీలో ఉన్న కారయితే సర్వీసు సెంటరుకే వదిలేయండి.

పాత ఆయిల్ ఏం చేయాలి?

కాలవలోకీ, బోదెలోకీ, చెరువు గట్టు మీదా పోయకండి. డెల్టాలో చాలా ఊళ్ల మంచినీటి చెరువులు ఈ కాలవ నీటితోనే నిండుతాయి, చేపల, రొయ్యల చెరువులకీ అదే నీరు. డబ్బాలో పట్టి మూత బిగించి, పాత ఆయిల్ పోగుచేసి అమ్మే మెకానిక్ షెడ్డుకు ఇచ్చేయండి.

అన్నీ సరిగ్గా చేశాం, అయినా కారుతోంది. ఇప్పుడేం చూడాలి?

మొదటి ఒకటి రెండు రోజులు పాత తడి జారుతుంటుంది. కడిగేసి, 100 కిలోమీటర్ల తర్వాత చూడండి. అప్పటికీ కారుతుంటే తడి ఎక్కడ మొదలవుతోందో గమనించండి. షాఫ్టు చుట్టూ అయితే పెదవి చిరిగింది, లేదా గాడి ఉంది, లేదా ఎడమ సీలు కుడికి వేశారు. సీలు బయటి అంచు చుట్టూ అయితే వంకరగా కూర్చుంది, లేదా గోడకు గీత పడింది. పైనుంచి జారుతుంటే అసలు అది యాక్సిల్ సీలు కాదు. దూరం నడిపాకే కారి, ఊళ్లో తిరిగినప్పుడు కారకపోతే మళ్లీ బ్రీదర్ దగ్గరికే వెళ్లండి. బండి ఏటవాలుగా ఉండగా ఆయిల్ ఎక్కువ పోసి ఉంటే కూడా ఇదే జరుగుతుంది. బండి సమంగా పెట్టి లెవల్ ప్లగ్గు విప్పితే ఎక్కువైనది దానంతటదే బయటికి వచ్చేస్తుంది.